ఎనిమిది వేళ్ల అంగుళం

భిక్షపతి నాలుగో తరగతి దాటలేదు. పలక పట్టుకుని బడికి పోతున్నవాణ్ని తండ్రి దారిలోనే ఆపి, పలక తీసుకుని చిన్న ఉలి చేతిలో పెట్టాడు. కర్మన్‌ఘాట్ అప్పటికింకా ఊరే. చెక్కపని చేసేవాడికి భిన్నాలతో పనేముందని తండ్రి అనుకున్నాడో ఏమో గానీ, భిన్నాలు మాత్రం భిక్షపతిని వదిలిపెట్టలేదు. టేపు పట్టిన ప్రతిచోటా అరలు, పావులు, ముప్పావులు ఎదురవుతూనే వచ్చాయి. ఏ గోడ మాత్రం నిండు అంగుళాల్లో ఉంటుంది కనుక!

దానికి తండ్రి ఒక ఉపాయం నేర్పాడు. అంగుళానికి ఎనిమిది సూతులు. బొటనవేళ్లు పక్కన పెడితే మనిషికి ఎనిమిది వేళ్లు. అర అంగుళమంటే నాలుగు వేళ్లు, పావు అంటే రెండు, ముప్పావు అంటే ఆరు. పదమూడున్నరకు ఏడూ ముప్పావు కలపాలంటే ముందు పదమూడూ ఏడూ ఇరవై అనుకుని పక్కన పెట్టాలి. తర్వాత కుడిచేతి చిటికెన వేలితో మొదలుపెట్టి, ఎడమచేతి చిటికెన వేలి దాకా ఒక్కొక్కటే ముడుస్తూ పోవాలి. పిడికిళ్లు రెండూ మూసుకుంటే ఒక అంగుళం నిండినట్టు. వాటిని తెరిచి, మిగిలిన రెండు సూతులు మళ్లీ ముడిస్తే ఇరవై ఒకటింబావు. కాగితం అక్కర్లేదు, కలం అక్కర్లేదు.

"నోటితోని లెక్కవెట్టకురా, నోరు తప్పుతది. పిడికిలి మూసుకుంటె అంగుళమని చేతికే తెల్వాలె" అనేవాడు తండ్రి. భిక్షపతి చేతికి తెలిసింది. నలభై ఏళ్లపాటు అతని లెక్కలో ఒక్క సూతు తేడా రాలేదు. తేడా వచ్చిందని ఎవరైనా అంటే, గోడే వంకరగా ఉందేమో చూసుకోమనేవాడు. చూస్తే గోడే వంకరగా ఉండేది. అంత పొగరు అతనికి, అంత హక్కూ ఉండేది.

పోయిన ఆషాఢంలో ఎల్బీనగర్ వర్క్‌షాపులో రంపం మిషన్ అతని ఎడమచేతి చివరి రెండు వేళ్లను తీసుకుపోయింది. తప్పు ఎవరిదీ కాదు. చెక్కలో ముడి ఉంది, చెక్క ఎగిరింది, చెయ్యి జారింది. అంతే.

ఆ వర్క్‌షాపు జనార్ధన్‌ది. జనార్ధన్ తాతకు భిక్షపతి తండ్రి నాగళ్లు చెక్కేవాడు. ఆ నాగళ్లు దున్నిన పొలాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటిలో అల్మారాలు, తలుపులు చేయించి బిగించడం జనార్ధన్ వ్యాపారం. కట్టు విప్పాక పనిలోకి వచ్చిన భిక్షపతిని చూసి అతను మొహం తిప్పుకోలేదు. "మిషన్ జోలికి పోకు చారీ. కొలతలు నీయి. ఇంటింటికి పోయి కొలిచి రా, చెక్క మీద గుర్తు పెట్టు. కోసుడు లింగస్వామి కోస్తడు" అన్నాడు, వడ్రంగుల్ని అందరూ పిలిచే పేరుతోనే పిలిచి.

మూడు వేళ్ల చేతితో చెక్క నునుపు చేసే రందా పట్టడం కుదరదు. ఉలి మీద సుత్తి దెబ్బ వేస్తే ఉలి పక్కకు దొర్లుతుంది. టేపు మాత్రం పట్టుకోవచ్చు. కొలతలు కూడా చేజారితే తనకా వర్క్‌షాపులో చోటు లేదని భిక్షపతికి తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఎడమచేతి మీద ఎప్పుడూ ఒక తువాలు వేసుకు తిరిగేవాడు. లెక్కకు వేళ్లు ముడవాల్సి వచ్చినా ఆ తువాలు కిందే ముడిచేవాడు. ఎవరి కంటా పడకూడదు, తన కంట అసలే పడకూడదు.

విచిత్రమేమిటంటే, లేని వేళ్లు నొప్పి పుట్టేవి. చిటికెన వేలి కొనలో సూది గుచ్చినట్టు, ఉంగరపు వేలి కణుపు మెలితిప్పినట్టు ఉండేది. పిడికిలి మూస్తే లేని గోళ్లు అరచేతిలో దిగబడేవి. దవాఖానలో కట్టు మార్చే డాక్టరమ్మను అడిగితే ఆమె నవ్వకుండానే చెప్పింది. "వేళ్లు పోయినట్టు మీ నరాలకు ఇంకా తెలవదు. మెల్లగ తెలుస్తది. అప్పుడు నొప్పి కూడా పోతది."

భిక్షపతి భార్య అరుణ ఆ మాట నమ్మి ఊరుకునే మనిషి కాదు. హనుమంతుడి గుడిలో పదకొండు మంగళవారాల ప్రదక్షిణలు మొక్కింది. పదకొండూ అయ్యాయి. కార్తీకం వచ్చేసరికి ఒకరోజు పొద్దున లేచి చూసుకుంటే నొప్పి లేదు. మర్నాడూ లేదు. అరుణ కొబ్బరికాయ కొట్టి, మీర్‌పేట్‌లో వాళ్లుండే వీధిలో ఇంటింటికీ చక్కెర పొంగలి పంచింది. భిక్షపతి ఆరోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఆ తర్వాత పదిరోజులకే మొదటి తేడా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వంటింటి గూటికి పలక బిగించబోతే గోడకు తట్టుకుంది. పావు అంగుళం పొడుగు. పద్నాలుగు అంగుళాల ఐదు సూతులు ఒక వైపు, పదకొండున్నర ఇంకో వైపు, అంతే లెక్క. లింగస్వామి పలకను అక్కడే గీకి దూర్చాడు. ప్లాస్టరు మందంగా కొట్టారని భిక్షపతి మేస్త్రీని తిట్టాడు. పుష్యంలో మీర్‌పేట్‌లో ఒక అల్మారా కూడా రెండు సూతులు తేడా వచ్చింది. అప్పుడు చెక్క ఉబ్బిందన్నాడు. పొడి చలికాలంలో చెక్క ఎక్కడైనా ఉబ్బుతుందా? జనార్ధన్ ఆ అల్మారా పలకను తీసుకుని తనే ఒకసారి కొలిచి చూసుకున్నాడు.

అలాంటి సమయంలో వచ్చింది గంగాధరరావు ఇంటి పని. ఆయన తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి, కరెంటు ఆఫీసులో చేసి రిటైరై నాగోల్‌లో కొత్త ఫ్లాటు తీసుకున్నాడు. పూజగదికి టేకు తలుపు కావాలన్నాడు. ఒకే దుంగలోంచి కోసిన పలకలు స్వయంగా డిపోకి పోయి ఏరించుకున్నాడు. మాఘంలో ముహూర్తం పెట్టించాడు. ఆ వేళకు తలుపు బిగిస్తే వడ్రంగికి బొట్టు పెట్టి, కొత్త పంచలు పెట్టడం వాళ్ల ఇంటి పద్ధతి.

భిక్షపతి వెళ్లి కొలుచుకొచ్చాడు. తలుపు కూర్చునే గూడు వెడల్పు నలభై రెండు అంగుళాలు. అందులో ఎడమ ఫ్రేము నాలుగున్నర, కుడిపక్క స్తంభం వైపు ఫ్రేము మూడూ ముప్పావు, పక్కన జాలీ పట్టీ రెండు అంగుళాల మూడు సూతులు. ఈ మూడూ కలిపి నలభై రెండులోంచి తీసేస్తే మిగిలేది తలుపు. ఇంతకు ముందైతే మెట్లు దిగేలోగా తేల్చేసేవాడు. ఈసారి భయపడి, కొలతలు కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చాడు.

కూతురు సుష్మితకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూపు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. తండ్రి లెక్క అడగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"కింది అంకెలు వేరే వేరే ఉన్నయి గద బాపూ, అట్లనే కలుపరాదు. ముందుగాల్ల కసాగు తీయాలె."

"అంటే?"

"రెండు, నాలుగు, ఎనిమిది. మూడింటికీ పోయే చిన్న అంకె ఏది? ఎనిమిది. అందుకని అన్నిటినీ ఎనిమిదిల కింద మారుస్తం. అర అంటే నాలుగు బై ఎనిమిది. ముప్పావు ఆరు బై ఎనిమిది. గిది ఎట్లాగూ మూడు బై ఎనిమిది."

"గవి సూతులే గదనే! నాలుగు సూతులు, ఆరు సూతులు, మూడు సూతులు. దీనికి కోచింగ్ ఎందుకు?"

సుష్మిత నవ్వింది. "సూతే కసాగు బాపూ. నీకు ముందే తెలుసు. నాలుగు, ఆరు, మూడు పదమూడు. ఎనిమిది పోతే ఒక అంగుళం, ఐదు మిగిలె. నాలుగు, మూడు, రెండు తొమ్మిది. తొమ్మిదికి ఒకటి కలిపితే పది. పది అంగుళాల ఐదు సూతులు. నలభై రెండుల తీసేస్తే తలుపు ముప్పై ఒక అంగుళాల మూడు సూతులు." చీటీ మీద పెద్ద అంకెలతో రాసి తండ్రి చొక్కా జేబులో పెట్టింది. తనకు బిడ్డ దగ్గర కూర్చుని లెక్క చెప్పించుకోవడం బాగానే ఉందని భిక్షపతికి అనిపించింది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత అతను కడుపునిండా తిన్నాడు.

మర్నాడు వర్క్‌షాపులో తలుపు బల్ల మీద సిద్ధంగా ఉంది. పలకలు అతికి, పద్మాలు చెక్కి, వెడల్పు కోత ఒక్కటే మిగిలింది. భిక్షపతి జేబులోంచి చీటీ తీశాడు. పెన్సిల్ పెట్టబోయి ఆగాడు. నలభై ఏళ్లు తన చేతిని అడగకుండా ఒక్క గుర్తు పెట్టి ఎరగడు. ఒక్కసారి సరిచూసుకుంటే పోయేదేముంది? తువాలు కింద వేళ్లు ముడవడం మొదలుపెట్టాడు. నాలుగు, ఆరు, మూడు. పిడికిళ్లు మూసుకున్నాయి, ఒక అంగుళం. తెరిచాడు. మళ్లీ మూసుకున్నాయి, రెండో అంగుళం. ఒక సూతు మిగిలింది. తొమ్మిదికి రెండు కలిపి, పదకొండు అంగుళాల ఒక సూతు.

చీటీలో పది అంగుళాల ఐదు సూతులుంది.

ఇంకోసారి ముడిచాడు. మళ్లీ పదకొండు అంగుళాల ఒక సూతే. ఎవరిని నమ్మాలి? పోయిన వారమే సుష్మిత కోచింగ్ పరీక్షలో లెక్కల దగ్గర మార్కులు పోయి అన్నం మానేసి పడుకుంది. పిల్ల తెలివిగలదే, కానీ తొందర మనిషి. ఇక్కడ చూస్తే తండ్రి నేర్పిన చెయ్యి, వేల కొద్దీ తలుపులు, కిటికీలు తేల్చిన చెయ్యి. రెండుసార్లు అడిగినా ఒకే మాట చెప్పింది.

"చారీ, కోద్దామా?" అన్నాడు లింగస్వామి.

భిక్షపతి చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ముప్పై అంగుళాల ఏడు సూతుల దగ్గర గీత గీశాడు. లింగస్వామి మిషన్ వేశాడు. ఆ చప్పుడు వినగానే ఎప్పట్లాగే భిక్షపతి కళ్లు మూసుకున్నాడు.

ముహూర్తం పొద్దున పదిన్నరకు. గంగాధరరావు భార్య వేదవతి తలుపుకు పసుపు రాసి, రంపానికీ టేపుకూ కూడా బొట్లు పెట్టింది. భిక్షపతి కొత్త పంచ భుజాన కప్పుకుని, దాని అంచు కింద ఎడమచెయ్యి దాచుకుని నిలబడ్డాడు. పంతులు సరేనన్నాడు. లింగస్వామి తలుపు ఎత్తి బందుల్లో కూర్చోబెట్టాడు, మూశాడు.

తలుపుకూ ఫ్రేముకూ మధ్య పైనుంచి కిందిదాకా అర అంగుళం సందు. లోపల వెలిగించిన దీపం వెలుతురు ఆ సందులోంచి తిన్నగా వచ్చినవాళ్ల మొహాల మీద పడింది.

గంగాధరరావు దగ్గరికి వచ్చి సందులో వేలు పెట్టాడు. వేలు అవతలికి పోయింది. "ఇదేంటయ్యా చారీ? నాలుగు నూళ్లు తేడా!" ఆయన సూతును నూలు అంటాడు. ఏమన్నా అంగుళంలో ఎనిమిదో వంతే.

"ఒక పట్టీ అతికిస్త సార్. పాలిష్ వేస్తే అస్సలు కనవడది" అన్నాడు లింగస్వామి.

"దేవుడి గది తలుపుకి అతుకేంటయ్యా? ఒకే దుంగ కావాలని ఎండలో నిలబడి ఏరించుకుంది అతుకు పెట్టుకోడానికా?"

భిక్షపతి గోడను చూశాడు. గోడ తిన్నగా ఉంది. తిట్టడానికి అతనికి ఎవరూ దొరకలేదు.

"పోనీలెండి, శుభమా అని ఇల్లు కొనుక్కుని... ఆయన్నేమీ అనకండి. పాపం, ఆ చెయ్యి చూడండి" అంది వేదవతి మెల్లిగా. పంచ అంచు ఎప్పుడు జారిందో జారింది. అందరూ చెయ్యి చూశారు. గంగాధరరావు నోరు మూసుకున్నాడు. ఆయన ఇంకో పది తిట్లు తిట్టినా బాగుండేదని భిక్షపతికి అనిపించింది. పంచ తీసి మడతపెట్టి, పసుపు కుంకుమల పళ్లెం పక్కన పెట్టి వచ్చేశాడు.

వర్క్‌షాపులో జనార్ధన్ గొంతు పెంచలేదు. "గిది మూడోసారి చారీ."

"కొలిచింది తప్పు గాదు పటేలా. కావలిస్తె నువ్వే పోయి కొలువు."

"లింగస్వామితోని కొలిపించి ఫోన్ల అడిగిన. కొలతలు మంచిగనే ఉన్నయి. కలిపిందే తప్పు." చెయ్యి చాపాడు. "టేపు ఇటియ్యి. రేపు బడంగ్‌పేట్ కొలతలకు లింగస్వామి పోతడు. నువ్వు పాలిష్ కాడ కూసో."

పాలిష్ దగ్గర గరుకు కాగితంతో రుద్దడానికి కొలతలక్కర్లేదు, తెలివి అక్కర్లేదు, మూడు వేళ్లు చాలు. భిక్షపతి నడుముకు తగిలించుకున్న టేపు తీసి ఇచ్చాడు. దాని మీద వేదవతి పెట్టిన బొట్టు ఇంకా తడిగా ఉంది. జనార్ధన్ బొటనవేలికి అంటుకుంది.

ఎండ ఉండగానే ఇంటికి వచ్చిన తండ్రిని చూసి సుష్మిత పుస్తకం మూసింది. ఏమైందో అతనే చెప్పాడు. ఆమె అతని జేబులోంచి చీటీ తీసి, లెక్క మొదటి నుంచీ చేసి చూసుకుంది.

"నేను రాసింది కరెక్టే గద బాపూ. మరి ముప్పై అంగుళాల ఏడు సూతులు ఎట్ల వచ్చినయి?"

"చెయ్యి చెప్పింది."

"చెయ్యి ఎట్ల చెప్తది? జర నా ముంగట చెయ్యి, చూస్త."

"వద్దు బిడ్డా."

"తువాలు తియ్యి బాపూ."

అరుణ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. భిక్షపతి తువాలు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి, నాలుగు, ఆరు, మూడు అనుకుంటూ కుడి చిటికెన వేలి నుంచి ముడుస్తూ వచ్చాడు. కుడిచేతివి నాలుగు ముడుచుకున్నాయి. ఎడమచేతి చూపుడు వేలు ముడుచుకుంది, నడిమి వేలు ముడుచుకుంది. పిడికిలి మూసుకుంది. "ఒక అంగుళం" అన్నాడు.

సుష్మిత అతని మొహంలోకి చూసింది. "బాపూ," అంది. తండ్రి ఎడమచెయ్యి పట్టుకుని, ముడిచిన నడిమి వేలి పక్కన, ఏమీ లేని చోట, తన వేళ్లు రెండు ఆనించింది. "ఆరే అయినయి బాపూ. ఇంకా రెండు ఉండాలె."

భిక్షపతి తన చెయ్యి చూసుకున్నాడు. ఆషాఢం నుంచి ఇప్పటిదాకా ఇంత నిదానంగా దాన్ని చూసుకోవడం ఇదే మొదటిసారి. ఆమె వేళ్లు ఏడూ ఎనిమిదీ అనుకుని మళ్లీ మొదటి నుంచి ముడిచాడు. ఎనిమిదికి అంగుళం. మిగిలింది ఐదు. పది అంగుళాల ఐదు సూతులు. చీటీలో ఉన్నదే వచ్చింది.

"మరి అంతకు ముందు ఎట్ల సరిపోయింది?" అంది సుష్మిత. "ఆషాఢంల పోతే, దసరాకు చేసిన బీరువాలన్నీ మంచిగనే వచ్చినయి గద?"

అతనికి తెలుసు. అప్పుడు నొప్పి ఉండేది. పిడికిలి మూస్తే లేని వేళ్లు కూడా ముడుచుకునేవి, లేని గోళ్లు అరచేతిలో గుచ్చుకునేవి. ఏడు, ఎనిమిది అని అవి చెప్పాకే అంగుళం నిండేది. పదకొండు మంగళవారాలు గుడి చుట్టూ తిరిగి వాటిని పంపించేసి, వీధిలో చక్కెర పొంగలి పంచుకున్నారు.

గుమ్మంలో నిలబడ్డ అరుణకు కూడా అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

"ఇగ నుంచి రాసుకుంటూ చేద్దువు గాని బాపూ. నేను మంచిగ నేర్పిస్త. జనార్ధన్ పటేలుకు నేనొచ్చి చెప్త" అంటోంది సుష్మిత. భిక్షపతి తలూపాడు గానీ వినలేదు. మెల్లిగా ఆమె వేళ్ల నుంచి తన చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చి, గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

ఎడమచెయ్యి తెరిచాడు, మూశాడు. రెండు వేళ్లే ముడుచుకున్నాయి. కళ్లు మూసుకుని మళ్లీ మూశాడు. చిటికెన వేలు ఎలా నొప్పెట్టేదో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తుంది, కానీ రాలేదు. వేళ్లు తెగినచోట చర్మాన్ని గేటు ఇనప కమ్మీకి ఆనించి గట్టిగా అదిమాడు. ఇంకా గట్టిగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా అదిమాడు.

నొప్పి పుట్టింది. కానీ అది అరచేతి అంచు దగ్గరే ఆగిపోయింది, వేళ్ల దాకా పోలేదు.